ఒక చందా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: పేద పిల్లల ఫీజులు కట్టే ఒక సేవాసంస్థ కార్యదర్శికి వెబ్‌సైట్ రిపోర్టులో ఒక లెక్క, బ్యాంకు ఖాతాలో ఒక లెక్క కనబడగా, ఆయన ధర్మసందేహం తీర్చడానికి అజ్ఞాత కవి చెప్పిన చాటువు ఇది. మూడో పాదంలో యూపీఐ ధ్వనిస్తోంది గనుక కవి 2016కు పూర్వుడు కాడు.

ఆ.వె.
దాత వచ్చె నెట్టి దారిఁ జూడగవచ్చు
నూరు పేరు ఫోను నొరుల కీకు
చెల్లెనా యనంగఁ జెప్పు గేటువె గాని
ధన్యవాద పుటకుఁ దగదు లెక్క

ప్రతిపదార్థము: దాత = చందా ఇచ్చు పుణ్యాత్ముడు; ఎట్టి దారిన్ = వాట్సాపు, ఫేస్‌బుక్, గూగుల్, ఈమెయిలు మొదలగు వానిలో ఏ మార్గమున; వచ్చెన్ = సైటునకు వచ్చెనో; చూడగన్ వచ్చున్ = చూచుట తప్పు గాదు; ఊరు, పేరు, ఫోను = ఆ దాత వివరములను (ఈమెయిలు, పాన్ నంబరునకును ఉపలక్షణము); ఒరులకున్ = సైటు రాకపోకలు లెక్కించు ఎనలిటిక్స్, ప్రకటనలవారి పిక్సెల్ మొదలగు పరాయివారికి; ఈకు = ఇయ్యకుము; చెల్లెనా యనంగన్ = సొమ్ము ముట్టెనా యని యడుగగా; గేటువె = సొమ్ము వసూలు చేయు పేమెంట్ గేట్‌వేయే; చెప్పున్ = నిజము చెప్పును; కాని = అంతియే గాని; ధన్యవాద పుటకున్ = రంగుకాగితాలు రాల్చుచు 'మీ విరాళానికి ధన్యవాదాలు' అను పేజీకి; లెక్క = లెక్కించు అధికారము; తగదు = చెల్లదు.

తాత్పర్యము: దాత ఏ తోవన వచ్చాడో గమనించు, అతనెవరో బయటివాళ్లకు చెప్పకు, సొమ్ము లెక్క గేట్‌వేనే అడుగు.

విశేషములు: 'దారి' తెలియాలంటే పంపే ప్రతి లింకుకూ తోక తగిలించాలి. యూటీఎం అంటారు, ఎక్కడినుంచి, ఏ రూపంలో, ఏ విజ్ఞప్తి వల్ల అన్న మూడు ముక్కలు అందులో ఉంటాయి. ఇంగ్లిషులో పెద్దక్షరంతో రాసిన ఫేస్‌బుక్, చిన్నక్షరంతో రాసిన ఫేస్‌బుక్ గూగుల్ ఎనలిటిక్స్‌కు వేరువేరు ఊళ్లు. ఒక వలంటీరు ఒక తీరున, ఇంకొకరు ఇంకో తీరున రాస్తే రిపోర్టు పాఠభేదాలతో నిండిపోతుంది. వాట్సాపులో తోక లేకుండా తిరిగే లింకు తరచు 'డైరెక్ట్' అన్న పద్దులో పడుతుంది. ఇంకో తమాషా: దాత గేట్‌వే పేజీకి వెళ్లి తిరిగొస్తే, అతన్ని పంపిన పుణ్యమంతా గేట్‌వే ఖాతాలోకి పోతుంది. అక్కర్లేని రిఫరల్స్ జాబితాలో దాని పేరు చేరిస్తే ఈ అపహరణ ఆగుతుంది.

'నూరు' అంటే వంద అని అర్థం చెప్పి, కనీస చందా వంద రూపాయలని కవి హృదయమన్న పండితులున్నారు. వారికి ద్రుతసంధి గుర్తుచేస్తే చాలు.

రెండో పాదమే పద్యానికి ప్రాణం. ధన్యవాద పుట తెరుచుకున్నాక పైన చిరునామా గడి చూడండి. కొన్ని సైట్లలో ప్రశ్నార్థకం తరవాత 'పేరు=ఫలానా, ఈమెయిల్=ఫలానా, మొత్తం=1116' అని బారుగా కనిపిస్తుంది. ఆ పేజీలో ఉన్న ఎనలిటిక్స్ ట్యాగు ఆ చిరునామాను ఉన్నదున్నట్టు తన యజమానికి మోసుకుపోతుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మాకు పంపవద్దని గూగుల్ తన నిబంధనల్లోనే రాసుకుంది. వద్దన్నవాడికి బలవంతాన చేసే దానం లోకంలో ఇదొక్కటే కాబోలు! చిరునామాలో లావాదేవీ సంఖ్య ఒక్కటి ఉంచి తక్కినవి తీసేస్తే సరి. మొత్తాన్ని మాత్రం పేరు లేకుండా ఎనలిటిక్స్‌కు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఫారంలో 500, 1000, 2000 బొత్తాలు పెట్టిన సంస్థకు, మనవాళ్లు అవి వదిలి 'ఇతర మొత్తం' గడిలో 1116 కొడుతున్నారని అప్పుడుగానీ తెలియదు.

అయితే పాన్ ఎందుకడగడం? చందాపై దాతకు దక్కే పన్ను రాయితీ కోసం. దాతల పేరు, చిరునామా, గుర్తింపు సంఖ్య, ఇచ్చిన మొత్తం 10బీడీ ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయడం 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి మొదలైంది. ఆ వివరాలు సంస్థ పద్దులోకి పోవాలి, ప్రకటనల అంగడిలోకి కాదు. పిక్సెల్‌కు పన్ను రాయితీతో పనేమిటి?

మూడు, నాలుగు పాదాల దగ్గర పూర్వపక్షి లేస్తాడు. 'సొమ్ము కట్టినవాడికే కదా ధన్యవాద పుట కనబడేది? కనుక ఆ పుట తెరుచుకోవడమే దానానికి లక్షణం' అంటాడు. అలా అనరాదు. ఈ లక్షణానికి తర్కశాస్త్రం చెప్పిన దోషాల్లో రెండు పట్టాయి.

మొదటిది అతివ్యాప్తి. దాత రసీదు కోసం పేజీ మళ్లీ తెరిస్తే రెండు దానాలు. మూయని ట్యాబును ఫోను మర్నాడు తనంత తానే రీలోడ్ చేస్తే మూడు. 'నేనిచ్చాను, మీరూ ఇవ్వండి' అని బావమరిది ఆ పేజీ లింకునే పెళ్లివారి గ్రూపులో పెడితే, పైసా తీయకుండా నొక్కినవాళ్లంతా దానకర్ణులే.

రెండోది అవ్యాప్తి, ఇదే ప్రమాదకరం. ఫారం నింపిన దాత యూపీఐ యాప్‌లోకి వెళతాడు. పిన్ కొడతాడు. పచ్చ టిక్కు పడుతుంది. అంతలో అల్లుడి ఫోనొస్తుంది. బ్రౌజరు ముఖం ఇక చూడడు. సొమ్ము బ్యాంకులో ఉంది, రిపోర్టులో దానం లేదు. ఏ విజ్ఞప్తి నిజంగా చందాలు తెచ్చిందో దాన్నే 'ఫలితం సున్న' అని కార్యదర్శి ఆపేస్తాడు.

కాబట్టి సిద్ధాంతం: వెబ్‌హుక్. సొమ్ము జమ కాగానే గేట్‌వే సర్వరు సంస్థ సర్వరుకు నేరుగా పంపే కబురు ఇది. దాత ఫోను ఆరిపోయినా ఆగదు. సకాలంలో జవాబు అందకపోతే గేట్‌వే అదే కబురు మళ్లీ పంపుతుంది. ఆ పునరుక్తి దోషానికి పరిహారం లావాదేవీ సంఖ్య: ఒక సంఖ్యకు ఒకే దానం. దాత వచ్చిన తోవను ఫారం దశలోనే ఆ సంఖ్య పక్కన రాసి ఉంచితే, ఏ తోవ ఎంత తెచ్చిందో సంస్థ తన పద్దులోనే చూసుకుంటుంది. కవి రెండు పాదాల్లో విడివిడిగా పెట్టిన దారి, లెక్క ఇక్కడ కలుస్తాయి; ఊరు పేరు మాత్రం గడప దాటదు.

మొదటి పాదంలో 'అడిగి' అన్న మాట అధ్యాహార్యం. అడిగి చూడవచ్చు అని అన్వయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఉండాలంటుంది. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది. నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో, అంటే తెలుగులోనూ, చదువుకునే వీలు కల్పించమంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. 'అంగీకరిస్తాను'ను ఆకుపచ్చ బొత్తం చేసి, 'వద్దు'ను వెతికినా దొరకని బూడిదరంగులో దాచిన సైట్లు ఈ పాదం చదవలేదనుకోవాలి.

వద్దన్న దాత తోవ తెలియదు, చందా మాత్రం గేట్‌వే లెక్కలో ఉంటుంది. అందువల్ల రిపోర్టులో 'తోవ తెలియదు' అన్న వరుస ఒకటి మిగులుతుంది. కోశాధికారి అడిగినా దాన్ని అలాగే ఉంచాలి. సమావేశంలో బాగుండదని ఆ వరుసను ఫేస్‌బుక్ పద్దులో కలిపేసే వ్యాఖ్యాతలున్నారు. వారి పాఠం గ్రాహ్యం కాదు.