మా బళ్లో అందరూ జూన్ 1నే పుట్టారు

నందవరం మండలంలో పంతులుగా ఉన్నంతకాలం పిల్లల వయసు పళ్లు చూసి చెప్పేవాణ్ణి. చెప్పి ఊరుకోకుండా రిజిస్టర్‌లోకి ఎక్కించేవాణ్ణి.

జూన్‌లో బడి తెరవగానే తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చేవాళ్లు. ఎప్పుడు పుట్టాడమ్మా అంటే ‘ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరప్పుడు సార్’ అనో, ‘సుగ్గి నుంచి తిరిగొచ్చినాక’ అనో చెప్పేవాళ్లు. సుగ్గి అంటే మా వైపు కూలిపనులకు వలసపోవడం. కాగితం ఉండేది కాదు. పిల్లవాణ్ణి కుడిచేయి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవాణ్ణి. అందితే ఐదేళ్లు నిండినట్టే. అనుమానమొస్తే ‘నోరు తెరువు’ అనేవాణ్ణి. కింది ముందుపళ్లు కదులుతుంటే ఆరు, ఊడిపోయి ఉంటే ఏడు. సంవత్సరం నా అంచనా, తేదీ నా సౌకర్యం. అడ్మిషన్ రిజిస్టర్‌లో జూన్ 1, కిందా జూన్ 1, దాని కిందా జూన్ 1.

2017 మే 5న నిర్భయ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక నన్ను పట్టడం ఎవరితరమూ కాలేదు. ఆ కేసులో బాధితురాలి ఒంటిమీది పంటిగాట్ల ఫోటోలను నిందితుల పళ్ల అచ్చులతో పోల్చి చూసింది ధార్వాడ ఎస్‌డీఎం దంతవైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అశిత్ ఆచార్య. బళ్లారి దాటి హుబ్బళ్లి వైపు పోతే వచ్చే ఊరే కదా ధార్వాడ! ఆయనేదో నా సహోద్యోగి అయినట్టు టీకొట్టు దగ్గర ఉపన్యాసాలిచ్చాను. ‘మనిషి అబద్ధమాడతాడు గానీ పన్ను ఆడదు’ అనేది నా ఊతపదం.

ఆయన నివేదికలో ఒకడివి కనీసం మూడు గాట్లని, ఇంకొకటి మరొకడిది అయ్యే అవకాశం ఎక్కువని ఉంది. ‘అవకాశం ఎక్కువ’ అన్న మాటను నేను దాటేశాను. బాధితురాలి మరణ వాంగ్మూలం, డీఎన్‌ఏ పక్కన ఉంటేనే ఆ గాట్లకు అంత బలం వచ్చిందనీ గమనించలేదు. అమెరికాలో రే క్రోన్ అనే అతణ్ణి 1992లో ప్రధానంగా పంటిగాటు సాక్ష్యంతోనే హంతకుడన్నారు. 2002లో డీఎన్‌ఏ అతణ్ణి విడిపించింది. చర్మం సాగుతుంది, వాస్తుంది, కమిలిపోతుంది. దానిమీద పడిన అచ్చును పట్టుకొని ‘వీడే’ అనడం ప్రమాదమని 2009లో అక్కడి సైన్స్ అకాడమీ కూడా హెచ్చరించింది. ఈ రోజుల్లో గాటు దగ్గర ముందు వెతికేది లాలాజలం. కడగకముందే దూదితో తీసి డీఎన్‌ఏకు పంపాలి, పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి. గాటుతో పిల్లవాడు వస్తే మేమేం చేస్తాం? శుభ్రంగా కడిగి పసుపు పెడతాం.

అసలు సంగతికి వస్తాను. మా బళ్లో చదివి మానేసిన ఒక అమ్మాయి సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు పోయింది. అక్కడ మేస్త్రీ చేసిన పనికి పోక్సో కేసయింది. అమ్మాయికి 18 నిండలేదని రుజువు కావాలి. బాలల న్యాయచట్టం, 2015లోని 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది బడి ఇచ్చే పుట్టినతేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేకుంటేనే ఎముకలు, పళ్ల ఎక్స్‌రేలు. అంటే దంతవైద్యుడి కన్నా నా రాత ముందుంది! చేతిరాత నాదే కాబట్టి నన్ను సాక్షిగా పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయాను.

‘ఈ తేదీ ఏ కాగితం చూసి రాశారు?’ అన్నాడు ఎదుటి వకీలు.

‘కాగితం లేదండి.’

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ‘పళ్లు చూసి రాశానండి, అనుభవంతో’ అన్నాను.

‘మీరు దంతవైద్యులా?’

ఇలాంటి విచారణ తలుపులు మూసి జరుగుతుంది కాబట్టి నవ్వినవాళ్లు తక్కువే. జడ్జిగారు నవ్వలేదు. వకీలు రిజిస్టర్ పేజీ పైకెత్తి జూన్ 1లన్నీ ఒక్కొక్కటిగా చదివాడు. ఏ ఆధారంతో రాశారో తేలని అడ్మిషన్ తేదీకి విలువ లేదని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. బయటికి వచ్చాక వాళ్లమ్మ అడిగింది, ‘మా పాప సంగతి గట్టిగా చెప్పినారా సార్?’ అని. తలూపాను.

తర్వాత ఒక కుర్ర డెంటిస్టును అడిగితే ఓపిగ్గా చెప్పాడు. చూడాల్సింది పన్ను చిగురు దాటిందా లేదా అని కాదు, ఎక్స్‌రేలో వేరు ఎంత పెరిగింది, దాని కొన మూసుకుందా అని. చిన్నపిల్లల్లో కింది దవడలో ఒకవైపు ఏడు పళ్ల ఎదుగుదల చూసి వయసు దగ్గరగా చెప్పవచ్చు. పదిహేను, పదహారేళ్లు వచ్చేసరికి ఆ ఏడూ పూర్తయిపోతాయి. ఇక మిగిలేది జ్ఞానదంతం. అది 17కూ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు, కొందరికి రానేరాదు. దాని లెక్కలో ఒకటి రెండేళ్లు అటూఇటూ తప్పవు. చట్టం గీత గీసిన ఆ 18 దగ్గరే పళ్ల సాక్ష్యం నీరసపడుతుంది. పోనీ నేను ఘనంగా చెప్పిన ఆరు, ఏడు? అవీ పిల్లకూ పిల్లకూ ఏడాది తేడా వస్తాయట.

కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆ తేదీకి ముందు పుట్టి, కాగితం లేకుండా బడికి వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు. పంతుళ్లకు నా మనవి ఒక్కటే: జాతర అన్నా, సుగ్గి అన్నా తల్లి చెప్పింది చెప్పినట్టు రాసి, వేలిముద్ర వేయించుకొని, రిజిస్టర్‌తో పాటు దాచండి. పిల్లల నోళ్లు తెరిపించకండి.