సొట్ట పడిన శుభసందర్భంలో

కారుకు సొట్ట పడగానే చేయాల్సిన మొదటి పని, కిందకు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని కాసేపు చూడటం. రెండో పని అవతలివాడిని చూడటం. విజయవాడ గవర్నర్‌పేట సందుల్లో అయితే అవతలిది ఆటో. మీరు డోరు తీసేలోపు అది ఏలూరు రోడ్డెక్కేసి ఉంటుంది. పామర్రు దాటాక అయితే అవతలిది రాయి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బళ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు కదా, అది. దాని పక్కన కర్ర పట్టుకుని కూర్చున్న పెద్దాయన మీ బంపర్ వైపు ఒకసారి చూసి, "చూసుకుని రావాలి బాబూ" అంటాడు. ఆ రాయితో గొడవపడి గెలిచినవాడు కృష్ణా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఇక అసలు ప్రశ్న. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా, వద్దా? ముందు పాలసీ కాగితం చదవమని కొందరు చెబుతారు. అలాంటివాళ్లకు దూరంగా ఉండండి. బావమరిదికి ఫోన్ చేయండి. "ఏడాదికేడాది వేలకు వేలు పోస్తున్నాం కదా బావా, ఊరికే వదిలేస్తామా?" అంటాడు. ఈ వాదనకు తిరుగులేదు. పెళ్లిలో చదివింపులు చదివించినవాడు అంతకు సరిపడా తిని లేవడం ఎలాంటి న్యాయమో, ఇదీ అలాంటి న్యాయమే.

తర్వాత ఆటోనగర్. షెడ్డులోకి బండి పెట్టీపెట్టకముందే, "ఇన్సూరెన్సా సార్, క్యాషా?" అని అడుగుతారు. తొందరపడి జవాబు చెప్పకండి. బంపర్ జబ్బు ఏమిటన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. క్యాష్ అంటే, "ఏం లేద్సార్, వేడి పెట్టి లాగేసి, పెయింట్ టచప్ కొడితే సరిపోద్ది." ఇన్సూరెన్స్ అంటే అదే కుర్రాడు, అదే బంపర్ కింద చెయ్యి పెట్టి తడిమి, పెదవి విరిచి, "క్లిప్పులు పోయినయ్ సార్, కొత్తది వేసెయ్యాల్సిందే" అంటాడు. మీరు వెంటనే రెండోదానికే మొగ్గాలి. కొత్త బంపర్, అదీ కంపెనీ డబ్బుతో!

ఇక్కడ ఒక లెక్క ఉంది. మనకు పడనిది కాబట్టి ఒక్కసారి చూసి మర్చిపోదాం. బిల్లు 6,000 రూపాయలు అనుకోండి. బంపర్ 3,000, పెయింట్ 2,000, కూలి 1,000. మీది జీరో డిప్రిసియేషన్ (అదే, మన భాషలో బంపర్ టు బంపర్) పాలసీ కాకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. అంటే 1,500 పోయింది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కేసి, అందులో సగం కోస్తారు. ఇంకో 250. 1500 సీసీ దాకా ఉన్న కార్లకు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా మీరు భరించాల్సింది 1,000. చివరికి కంపెనీ చేతి నుంచి రాలేది 3,250.

బదులుగా మీరు ఇచ్చేది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. ఆ పైన వరసగా 25, 35, 45, ఐదో ఏడాదికి 50. థర్డ్ పార్టీ ప్రీమియానికి ఈ తగ్గింపు వర్తించదు. మీరు 50 దాకా ఎక్కారనుకుందాం. 10,000 కట్టాల్సిన చోట 5,000 కడుతున్నారు. ఒక్క క్లెయిమ్ పడితే బోనస్ సున్నాకు జారుతుంది, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. అదనంగా కట్టేది వచ్చే ఏడు 5,000, ఆ తర్వాత వరసగా 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500, దాని మీద 18 శాతం జీఎస్టీ. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంలో కొంత తక్కువే అవుతుంది. బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్ ముందే కొనుక్కుంటే లెక్క వేరు. అయినా 3,250 తెచ్చుకోవడానికి అంతకు మూడు నాలుగు రెట్లు కట్టే అవకాశం మరే వ్యాపారంలో దొరుకుతుంది? వదులుకోకండి.

క్లెయిమ్ ఫారంలో "ప్రమాదం ఎలా జరిగింది" అనే గడి ఒకటి ఉంటుంది. తెలుగు కథకు ఇంకా మంచి రోజులున్నాయని అది చదివితే తెలుస్తుంది. అందులో కుక్క అడ్డం రావాలి. మీరు దాన్ని తప్పించబోవాలి. కుక్కకు ఏమీ కాకూడదు. పనిలో పనిగా వెనక డోరు మీది పాత గీతలు, సంక్రాంతికి ఊళ్లో గేటు రాసుకున్న సొట్ట కూడా ఈ కుక్క ఖాతాలోనే వేసేయమని బావమరిది చెబుతాడు. వేయండి. సర్వేయర్ వచ్చి వేలితో ఆ సొట్ట రుద్దితే తుప్పు రాలుతుంది. నిన్న పడిన సొట్టకు తుప్పెలా పట్టిందో ఆయనకు మీరే వివరించాలి. అబద్ధం బయటపడితే అసలు క్లెయిమే కొట్టేయొచ్చు, అది వేరే సంగతి. ఒక్కో ప్రమాదాన్ని ఒక్కో క్లెయిముగా, ఒక్కో వెయ్యి కోతతో లెక్కిస్తారన్నదీ ఆయనే చెబుతాడు.

వేళాకోళం కాసేపు ఆపి రెండు మాటలు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఈ సలహాలేవీ పనికిరావు. పోలీసులకూ కంపెనీకీ వెంటనే చెప్పి తీరాలి. కారు కొత్తదై, బోనస్ ఇంకా మొదలే కాకుండా, హెడ్‌లైటు పగిలి బిల్లు 30,000 దాటితే మొహమాటపడకుండా క్లెయిమ్ చేసుకోండి. అద్దాలకు తరుగు కోత కూడా ఉండదు.

నష్టం మరీ పెద్దదైతే సొట్టల సంగతే గుర్తుకు రాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మీద పడినప్పుడు నీళ్లలో ఉన్న కార్ల బంపర్ గీతల గురించి ఎవరూ మాట్లాడలేదు. థర్డ్ పార్టీ మాత్రమే కట్టినవారికి కారు మునిగినా రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, మునిగిన బండికి తాళం తిప్పి చూసినవారి ఇంజిన్‌కు, ఇంజిన్ ప్రొటెక్షన్ లేకపోతే, మామూలుగా రాదు. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దాయి. ఆ సొట్టలకు ఏ బావమరిదినీ అడగలేదు, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడిని పిలిపించారు.

ఇంత చదివాక కూడా ఎటూ తేల్చుకోలేకపోతే ఇంకో దారి ఉంది. పాలసీ రెన్యువల్ సంగతి మర్చిపోండి. గడువు తీరి 90 రోజులు దాటితే ఒక్క క్లెయిమ్ కూడా చేయకుండానే బోనస్ మొత్తం పోతుంది.