పోస్టర్ల సారు

సినిమా పోస్టరుకు ఆయుష్షు మహా అయితే రెండు వారాలు. రాత్రికి రాత్రి గోడెక్కుతుంది. సినిమా ఆడితే నాలుగు రోజులు ఎక్కువ ఉంటుంది, ఆడకపోతే శుక్రవారానికి దాని మొహం మీదే ఇంకో మొహం అతికిస్తారు. ఈలోపు ఎండ, వాన, బడికి పోయే పిల్లల గోళ్లు. వీటన్నిటినీ మించిన శత్రువు ఎనుము. పోస్టరు వెనక పూసేది మైదా జిగురు కనుక, బజార్లో తిరిగే ఎనుముకు నాయకుడైనా ప్రతినాయకుడైనా ఒకటే రుచి. అందుకని జిగురు కాచేటప్పుడు కాస్త మైలుతుత్తం కలిపేవాళ్లు. మొండి ఎనుములు దాన్ని కూడా లెక్కచేసేవి కావు.

కాబట్టి పాత పోస్టరు మిగలడమంటే మామూలుగా జరిగే సంగతి కాదు. అది అచ్చయ్యిందే గోడ మీద చినగడానికి.

హిందూపురంలో ఒకాయన ఇంట్లో అలా చినగకుండా మిగిలినవి గదినిండా ఉన్నాయి. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. అసలు పేరు పెన్షను కాగితాల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు, ఊరికంతా ఆయన పోస్టర్ల సారు. పోస్టర్లే కాదు, పాత చందమామలు, బాలమిత్రలు, బెంగుళూరు రైల్లో వచ్చిన ఇంద్రజాల్ కామిక్సు, పాటల పుస్తకాలు, ఇంటర్వెల్లో వేసే గాజు స్లయిడ్లు, అన్నీ బీరువాల్లో కర్పూరం బిళ్లల మధ్య ఉంటాయి. ఆయనతో మాట్లాడుతుంటే ఒక సంగతి అర్థమవుతుంది. మనం కామిక్సు వేరు, సినిమా వేరు అనుకుంటాం గానీ తెలుగువాళ్లకు ఆ రెండూ ఒకే ఇంట్లో పుట్టాయి. 1947 జులైలో చందమామను మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణులే 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తీశారు. నెలనెలా చందమామలో ‘చిత్రా’ గీసిన కోటలు, గుహలు, మాంత్రికుల గడ్డాలు చూసి పెరిగిన పిల్లాడికి సినిమా హాలు గోడ మీది జానపదం పోస్టరు ఆ పుస్తకంలోంచి బయటికి పొడుచుకొచ్చిన పేజీలాగే ఉండేది. ఇంకా వెనక్కి వెళ్తే, మా పక్కనున్న లేపాక్షి గుడి కప్పు మీద కిరాతార్జునీయాన్ని బొమ్మల వరసలో చెప్పినవాళ్లు 16వ శతాబ్దపు మనుషులు. బొమ్మలు చూస్తూ నడిస్తే కథ నడుస్తుంది. తల పైకెత్తి చూడాలి, అంతే తేడా.

పోస్టర్ల గురించి సారుకు గొప్ప పట్టింపులున్నాయి. శివకాశిలో అచ్చయిన కాగితం వేలితో తట్టి చెబుతాడు. లితో రోజుల్లో రంగుకొక ప్లేటు చొప్పున వేసేవాళ్లు కనుక, ఎరుపు వెంట్రుకవాసి జరిగితే హీరోయిన్ పెదవి చెంప మీదికి వెళ్తుంది. అలాంటివాటికి ఈయన మరింత ముచ్చటపడతాడు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, 1967లో బాపు ‘సాక్షి’తో మొదలుపెట్టి వేల సినిమాలకు పోస్టర్లు వేసిన ఈశ్వర్ పేరెత్తితే లేచి నిలబడతాడు. డిజిటల్ ఫ్లెక్సీని మాత్రం పోస్టరనడు. “గుడ్డ” అంటాడు.

ఇక ఎన్.టి.ఆర్. పోస్టర్లు. హిందూపురంలో వాటి సంగతి వేరే చెప్పాలా? 1985, 1989, 1994ల్లో మూడుసార్లు ఈ ఊరు ఆయన్ని అసెంబ్లీకి పంపింది. 1989లో కల్వకుర్తి ఓడించినా హిందూపురం ఓడించలేదు. ఆ మాట ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ కల్వకుర్తి మీద సొంత పగ ఉన్నట్టు చెబుతారు. అలాంటి ఊళ్లో సారు దగ్గర దానవీరశూరకర్ణ మొదటి విడుదల పోస్టరుంది. అడవి రాముడిది, యమగోలది కూడా. మూడూ 1977వే. మడత పడలేదు, జిగురు తగల్లేదు. బెంగుళూరు నుంచి సాఫ్ట్‌వేరు పిల్లలు చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి చూస్తారు.

అవి ఎక్కడివంటే, సారుకు గొంతు కొంచెం మారుతుంది. వాళ్ల నాన్న సీడెడ్ డిస్ట్రిబ్యూటరు దగ్గర రెప్రజెంటేటివ్. సినిమా పెట్టెతోపాటు ఊరూరా తిరిగి, టిక్కెట్లు లెక్కబెట్టి, కలెక్షను పట్టుకొచ్చే ఉద్యోగం. పబ్లిసిటీ సామాను పంచడం కూడా ఆయన పనే. ఊరికిన్ని అని పోస్టర్లు లెక్కబెట్టి, కట్టలు కట్టి, పైకాగితం వెనకవైపు నీలం పెన్సిలుతో ఊరిపేరూ అంకే వేసి పంపించేవాడు. అలా రాత పడ్డ కాగితాలే సారుకు ఆస్తి. ఈమధ్య నకళ్లు ఎక్కువయ్యాయి, పాత బొమ్మను కొత్త కాగితం మీద అచ్చేసి టీ నీళ్లలో ముంచి అమ్ముతున్నారు. “మా నాన్న రాత ఉంటే ఇంక అనుమానం లేదు” అని సారు ఆ ఫ్రేములన్నిటికీ రెండువైపులా అద్దం వేయించాడు. చూడ్డానికొచ్చినవాళ్లకు ముందువైపు ఎంతసేపు చూపిస్తాడో వెనకవైపు అంతసేపు చూపిస్తాడు.

2023లో ఎన్.టి.ఆర్. శతజయంతి వచ్చింది. మే 28న కల్యాణ మండపంలో ప్రదర్శన పెట్టాలని సారు సంకల్పం. ప్రదర్శనంటే సన్మానం ఉండాలి. హీరోలకూ డైరెక్టర్లకూ అందరూ చేస్తారు, పోస్టర్లు అంటించిన మనిషికి ఎవరు చేశారు, నేను చేస్తానన్నాడు. ఆలోచన బాగానే ఉంది. అలాంటి మనిషిని వెతకడానికి పెనుకొండ బయల్దేరాం. అక్కడికే ఎందుకంటే, నాన్న ఎక్కువగా తిరిగిన ఊరన్నాడు.

పెనుకొండ ఇప్పుడు కియా కార్ల ఊరు. ఒకప్పుడు విజయనగర రాజుల రెండో రాజధాని అన్న సంగతి కోటగోడలు చెబితే తప్ప గుర్తురాదు. బస్టాండు దగ్గర టీ తాగుతూ పాతకాలంలో టాకీసుకు పోస్టర్లు అంటించినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాం. టీ పోసే ఆయన ఆలోచించే పనే పెట్టుకోలేదు.

“పోస్టర్ల దొంగనా? ధర్మవరం పోయి శానా ఏండ్లాయె.”

“దొంగ ఏంది?”

“టాకీసోళ్ల పోస్టర్లు ఎత్తుకుంటాండెనంట. మా నాయన చెప్తాండె. ఆ పేరు పడినాంక ఊర్లో యెవురూ పనియ్యలా. పెండ్లాం బిడ్డల్ని తీసుకోని పోయినాడు.”

నేను సారు మొహం చూశాను. సన్మానం సంగతి అందులోంచి జారిపోయింది. అక్కడ వెలుగుతున్నది వేరే దీపం. పోస్టర్లు ఎత్తుకునేవాడంటే ఎక్కడో దాచి ఉంటాడు. బొంబాయి వేలంపాటల్లో పాత హిందీ పోస్టర్లు లక్షలు పలుకుతున్న కాలం. కార్లో కూర్చున్నాక సారు, “దొంగ అంటున్నారు గానీ, చూడబోతే మనలాంటి అభిమానే అయ్యుంటాడు” అన్నాడు. ఆ ‘మన’లో నన్నెందుకు కలిపాడో నాకు తెలియదు.

ధర్మవరంలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. కూతురి ఇంటి వసారాలో ముసలాయన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడు. సన్నటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. సారు చాప మీద కూర్చుని మంచీచెడ్డా మాట్లాడి, చీర ధరలు అడిగి, చివరికి అసలు మాటకొచ్చాడు.

“ఆ కాలం పోస్టర్లు ఏమన్నా దాచిపెట్టుకున్యావాప్పా?”

“నాతాన యాడుంటాయి సామీ.”

“ఉంటే చెప్పు. ధర నువ్వు చెప్పిందే.”

“అంటించేటోనికి మిగిలేది జిగురు బక్కిట్ ఒకటే సామీ.”

తిరుగుదారిలో సారు, “గట్టి పిండమే” అని మెచ్చుకున్నాడు. “నలుగురిలో శాలువా కప్పితే మెత్తబడతాడు. అప్పుడు అడుగుదాం.”

ప్రదర్శన రోజు మండపం కిటకిటలాడింది. ఫ్రేముల్ని గోడకు కొట్టకుండా రెండువైపులా కనపడేలా ఇనుప కడ్డీలకు వేలాడదీశారు. ముసలాయన ధర్మవరం నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చాడు. శాలువా, దండ, కవర్లో వెయ్యినూట పదహార్లు. ఆయన చేతికి మైకిచ్చి పోస్టరు ఎలా అంటించేవాడో చెప్పమన్నారు. మొదట బెదిరాడు. పని గుర్తొచ్చేసరికి చెయ్యి లేచింది.

“రెండో ఆట ఇడిసినాంక బయల్దేరేవాణ్ణి సామీ. సైకిలుకు ఒగపక్క నిచ్చెన, ఒగపక్క జిగురు బక్కిట్. ముందు గోడకు పూయల్ల, ఆమీద కాగితం పరచల్ల, ఆమీద మళ్లా పూయల్ల. కుంచెను నడిమి నుంచి అంచులకు తోయల్ల. అంచుల్నుంచి నడిమికి తోస్తిమా, గాలి ఇరుక్కోని తెల్లారేసరికి రామారావు మొగమంతా బొబ్బలు లేస్తాది.”

జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను విన్న ఉపన్యాసాల్లో విషయమున్నది అదొక్కటే. ఇదే అదనని సారు మైకు తీసుకుని, “అప్పట్లో అభిమానం కొద్దీ ఒకటీ అరా ఇంటికి తీసుకుపోయినవాళ్లు ఉన్నారు. దాన్ని మేం తప్పనుకోం. వాళ్లవల్లే కళ బతికింది” అన్నాడు, కావాలనే ముసలాయన వైపు చూస్తూ.

ముసలాయన మైకు కోసం చెయ్యి చాచాడు.

“నేను ఎత్తుకోలేదు సామీ. చలానాలో ముప్పై అని ఉంటాది. సంతకం నాది. కట్ట ఇప్పితే ఇరవై తొమ్మిది. సినిమా సినిమాకూ అంతే. ఒగటి తక్కువుందని చెప్తే ఓనరు నమ్మలా. మొదట్లో కూలి పట్టుకున్యాడు. అడవి రాముడప్పుడు బస్టాండులో చొక్కా పట్టుకోని యెవురికి అమ్ముకున్యావురా అని కొట్టినాడు. ఆ పొద్దుతో పని పాయె.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సారు నవ్వుతూ, “ఇన్నేళ్లయినా లెక్క మాత్రం ఒప్పుకోడు చూడండి” అన్నాడు. మండపమంతా నవ్వింది. నేనూ నవ్వానేమో.

భోజనాలకు లేచాక ముసలాయన ఫ్రేముల మధ్య ఒక్కడే తిరగడం చూశాను. అందరూ బొమ్మలు చూస్తుంటే ఆయన వెనకవైపు నడుస్తున్నాడు. అడవి రాముడు దగ్గర ఆగి, అద్దానికి మొహం ఆనించి చూశాడు. తర్వాత యమగోల వెనక్కి వెళ్లాడు. అక్కడినుంచి కర్ణుడి వెనక్కి. మళ్లీ అడవి రాముడికే వచ్చాడు. సారు బెంగుళూరు కుర్రాళ్లను వెంటేసుకుని అక్కడికి చేరాడు.

“ఈ రాత యెవురిది సామీ?”

“మా నాన్నది” అన్నాడు సారు. “కట్ట కట్టి, పైకాగితం వెనక ఇలా రాసేవారు. మిగతా ఊళ్లవి బస్సుల్లో వేసేవారు గానీ, ఈ ఊరి కట్ట మాత్రం ధర్మవరం పోతూ ఆయనే రైల్లో తీసుకెళ్లి దించేవారు. వచ్చేటప్పుడు నాకోసం ఒక బొమ్మ తెచ్చేవారు. సినిమాకొకటి. ఒక్కటీ మానలేదు.”

అద్దం వెనక నీలం అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. పెనుకొండ 30.

ముసలాయన శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. సారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“మొగమాటం వద్దప్పా. నీతాన ఉన్నవి ఇయ్యి, బదులుగా ఏం కావల్నో అడుగు.”

“ఇది ఒగటి ఇయ్యండి సామీ. పొయ్యేటప్పుడు పెనుకొండలో దిగుతా. బస్టాండు గోడకు అంటించల్ల.”

కుర్రాళ్లలో ఒకడు అదిరిపడ్డాడు. “అయ్యో తాతా, జిగురు తగిలితే బొమ్మ పోతుంది!”

“బొమ్మను గోడపక్కకే పెడ్తా నాయనా” అన్నాడు ముసలాయన. “రాత బయటికి కనపడల్ల.”