కావలెను: చూసి రాసేవాళ్లు

ఈ మధ్య ఇలాంటి ఉద్యోగ ప్రకటనలు తరచూ కంటపడుతున్నాయి. చిన్నపిల్లల వికాసానికి బాగా పనిచేస్తున్న కార్యక్రమాలను డాక్యుమెంట్ చేయడానికి ఫీల్డ్ రీసెర్చర్లు కావాలట. పీజీ ఉండాలి. ఇంగ్లిషులో నివేదిక రాయగలగాలి. మారుమూల ప్రాంతాల్లో తిరగడానికి సిద్ధపడాలి. ఫొటోలు తీయడం వస్తే మరీ మంచిది. గడువు ఆరు వారాలు. ఏడ్చే పిల్లాడి పక్కన పది నిమిషాలు కూర్చోగలగాలన్న అర్హత మాత్రం ఎక్కడా కనపడదు.

"బాగా పనిచేస్తున్న" అన్న దగ్గర నాకు బండి ఆగింది. ఏది పనిచేస్తోందో, ఏది చేయడం లేదో చూసి రమ్మనే కదా మనిషిని పంపేది? అబ్బే, అది ముందే తేలిపోయింది. ఎక్కడ పనిచేస్తోంది, ఎవరి పుణ్యాన పనిచేస్తోంది అన్నవే ఇక నింపాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సరే, మన సోమలింగాన్నే అందమాన్ పంపుదాం. నివేదిక అట్ట మీద సముద్రం బాగుంటుంది.

దీవులు, దిబ్బలు, రాళ్లు అన్నీ కలిపి 836. జనం ఉండేవి 31. వాటిలో ఏడు వందల పైచిలుకు అంగన్‌వాడీలు. సోమలింగం పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతాడు. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అయింది కాబట్టి నివేదికలో అలాగే రాస్తాడు, ఆటోవాడితో మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అంటాడు. ఇక్కణ్నుంచి దక్షిణాన క్యాంప్‌బెల్ బే వెళ్లాలంటే విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లి తిరిగొచ్చినంత దూరం, అదీ నీళ్ల మీద. నికోబార్ దీవుల్లోని గిరిజన ప్రాంతాల్లో కాలు పెట్టాలంటే పాస్ కావాలి. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు రోడ్డుంది గానీ, జిర్కటాంగ్ గేటు దగ్గర కాన్వాయ్ వేళ దాకా పడిగాపులు పడాలి. అక్కణ్నుంచి జారవా గిరిజనుల అడవి. దారిలో బండి ఆపకూడదు, ఫొటో తీస్తే నేరం. (జారవా తల్లులు బిడ్డల్ని ఎలా పెంచుతారో ఒక బాక్స్ ఐటమ్‌గా వేస్తే నివేదికకు అందమొస్తుందని సోమలింగానికి తప్పకుండా తోస్తుంది. 1956 నాటి రెగ్యులేషన్ ఒకటి ఆ తల్లుల్ని ఇలాంటి తోపుళ్ల నుంచి కాపాడుతోంది. దానికి నా దండం.) గాలి మారితే బోటు రద్దు. హెలికాప్టర్‌లో సీటు దొరకడం జాతకాన్ని బట్టి.

ఆరు వారాల్లో రెండు వారాలు అనుమతులకు, ఒక వారం టికెట్లకు, రెండు వారాలు రాతకు పోతాయి. మిగిలిన వారంలోంచి ఈ తరహా పరిశోధనకు మూలసూత్రం పుడుతుంది: విమానాశ్రయానికి ఆటో దూరంలో ఉన్న అంగన్‌వాడీయే దీవులన్నిటిలోకీ ప్రభావవంతమైనది. దూరం పెరిగే కొద్దీ ప్రభావం తగ్గుతుంది. దక్షిణాన హట్ బే దాటితే సున్నా.

ఇక ఆటో జంగ్లీఘాట్ జెట్టీ వైపు తిరుగుతుంది. అక్కడ మనవాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వలలు భుజాన వేసుకుని వెళ్లిన కుటుంబాలు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు నూటికి పదమూడు మందికి పైనే. సోమలింగానికి ఇంగ్లిషు, హిందీ వచ్చు. తెలుగుకు అనువాదం చేసిన ప్రశ్నపత్రం ఉంది. ఆ అనువాదం మనిషి చేశాడో యంత్రం చేసిందో చదివితే మీకే తెలుస్తుంది. పేరుకు మన సోమలింగమే గానీ పెరిగింది ఢిల్లీలో. కూడబలుక్కుని చదువుతాడు.

"మీ శిశువుతో మీరు ప్రతిస్పందనాత్మక పరస్పర చర్యలో ఎంత తరచుగా నిమగ్నమవుతారు?"

గట్టు మీద కూర్చుని ఒక తల్లి చేపలు ఏరుతోంది. రెండేళ్ల పిల్లాడు బుట్టలోంచి ఒకటి తీసి చూపించి "సాప" అన్నాడు. "సాప కాదురా, రొయ్య. మీసాలున్నాయి సూడు" అంది. వాడు తన మూతి తడుముకున్నాడు. ఆమె పకపకా నవ్వి, వాడి మూతికి తడి వేలితో రెండు మీసాలు గీసింది. వాడు "రొయ్య" అన్నాడు తన్ను తాను చూపించుకుని. అప్పుడు ఆమె సోమలింగం వైపు తిరిగింది.

"ఏటి బాబూ, ఏటంటన్నావు?"

ఆయన మళ్లీ చదివాడు.

"అలాటివి మాకేటీ తెలవ్వు బాబూ."

సోమలింగం "ఎప్పుడూ లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాడు. తల్లులకు అవగాహన లోపించిందని నివేదిక మూడో అధ్యాయంలో రాస్తాడు.

ఇలాంటి నివేదికలన్నిటికీ ముందుమాటలో జమైకా ఉంటుంది. మన పురాణాలకు నైమిశారణ్యం ఎలాగో వీటికి కింగ్‌స్టన్ అలాగ. 1986-87లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం అక్కడి పేదవాడల్లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పిల్లలతో అధ్యయనం మొదలుపెట్టింది. వారిలో కొందరికి ఆటపాటలు అందాయి. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి ఆ పిల్లల సంపాదన అవి అందని వాళ్లకంటే పాతిక శాతం ఎక్కువని తేలింది. గొప్ప విషయం, ఒప్పుకోవాల్సిందే. ఆ పాతిక శాతాన్ని అందరూ ముద్ద అక్షరాల్లో వేస్తారు. దాని వెనక ఉన్న సంగతి ఎవరూ ఎత్తరు. సామాన్య ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి, గంటసేపు, రెండేళ్ల పాటు అదే ఇంటికి వెళ్లారు. అట్టముక్కలతో, ఖాళీ సీసాలతో బొమ్మలు చేసి తల్లినీ బిడ్డనీ కలిపి ఆడించారు. పరిశోధకులు రెండు దశాబ్దాల తర్వాత కూడా ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. ఆ ఫలితాన్ని ఉదహరించేవాళ్లు మనిషిని ఆరు వారాలకు తీసుకుంటున్నారు.

రెండేళ్లు అదే ఇంటికి వెళ్లే మనిషి మన దగ్గర లేదా అంటే, ఉంది. ఇరవై ఏళ్లుగా అదే వాడకు వెళ్తోంది. ఆవిడ ఉద్యోగానికే గుర్తింపు లేదు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్‌కు యాభై ఏళ్లు నిండాయి, అంగన్‌వాడీ టీచరు ఇప్పటికీ ప్రభుత్వ లెక్కలో గౌరవ కార్యకర్త. 2018 అక్టోబరు నుంచి కేంద్రం లెక్క నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. ఆపైన రాష్ట్రాలూ, కేంద్రపాలిత ప్రాంతాలూ తమకు తోచినంత కలుపుతాయి. పేరులోనే గౌరవం ఉంది కాబట్టి వేతనం గురించి అడగడం అమర్యాద. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12న ఆ అమర్యాదకు దిగి 42 రోజులు సమ్మె చేస్తే, మధ్యలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. ఎస్మా అత్యవసర సేవలకు పెట్టే చట్టం. జీతమడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ. అంగన్‌వాడీ ఎంత ప్రభావవంతమో అంత స్పష్టంగా చెప్పిన ప్రభుత్వ పత్రం నాకు మరొకటి కనపడలేదు. దానికి ఏ ఫీల్డ్ రీసెర్చరూ అవసరం కాలేదు.

పైగా డాక్యుమెంటేషన్‌కు కొరత ఉందని వీళ్లకు ఎవరు చెప్పారో! ఒకప్పుడు 11 రిజిస్టర్లు. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్. హాజరు, బరువు, ఎత్తు, గుడ్డు, వంట, అన్నీ ఫోన్‌లోకి ఎక్కాలి. ఇంటికిచ్చే రేషన్ చేతిలో పెట్టాలంటే ముందు ఫోన్ తల్లి ముఖాన్ని గుర్తుపట్టాలి. టీచరు ఆమెను పెళ్లికి ముందు నుంచీ ఎరుగును, కానీ ఆ ఎరుక సర్వర్‌కు ఎక్కదు. సిగ్నల్ కోసం టీచరు ఫోన్ పైకెత్తుకుని జెట్టీ దాకా నడుస్తుంటే, వెనకాల పిల్లలు రైలుబండిలా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నడుస్తారు. సోమలింగం దాన్ని "ప్రకృతి ఆధారిత అభ్యసనం" అని ఫొటో తీసుకున్నాడు.

ఆఖరి రోజు బరువులు తూచే రోజు. దూలానికి కాటా వేలాడుతోంది. కింద కొక్కేనికి లాగు లాంటి సంచీ, అందులో మన రొయ్య మీసాల పిల్లాడు. కాళ్లు తన్నుతూ, కాటాతో పాటు ఊగుతూ, ఊరంతా వినపడేలా ఏడుస్తున్నాడు. ముల్లు తొమ్మిదికీ పదికీ మధ్య గంతులేస్తోంది. ఆయా పొయ్యి దగ్గర ఉంది. టీచరుకు ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో కార్డు.

"సార్, ఒక్క క్షణం వాణ్ని ఊగకుండా పట్టుకుంటారా?"

సోమలింగం ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన పరిశీలకుడు. పట్టుకుంటే అది జోక్యం అవుతుందట, డేటా పాడవుతుందట. మర్యాదగానే చెప్పాడు.

గుమ్మం దగ్గర కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చి, వాడి పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుని "ఊరుకో నాయినా, రొయ్య ఏడుత్తాదేటి?" అంది. వాడు ఊరుకున్నాడు. ముల్లు నిలబడింది. తొమ్మిది కిలోల ఆరు వందలు.

సోమలింగం ట్యాబ్ తీసి నింపాడు: "సముదాయ భాగస్వామ్యం: చాలా బాగుంది."