గంటకొట్టు సూత్రం (టీకా తాత్పర్య సహితం)

అవతారిక: కాళిదాస కావ్యాలకు సంజీవని వంటి వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మెతుకుసీమలోని కొల్చారం వాడు. సిరిసిల్ల దగ్గరి ముస్తాబాదుకు మరీ దూరపు ఊరేం కాదు. ఆ మహానుభావుడు యూట్యూబ్‌కు ముందే పుట్టి పోవడం వల్ల మన సీమలో బాలవృద్ధుల నాలుకల మీద ఉన్న ఒక గొప్ప సూత్రం వ్యాఖ్యకు నోచుకోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ టీక.

మూలం: వీడియో నచ్చితే లైక్ కొట్టుండ్రి, షేర్ చేయుండ్రి, సబ్‌స్క్రైబ్ చేసుకోండ్రి, పక్కనున్న గంటను గూడ కొట్టుండ్రి.

ప్రతిపదార్థం: నచ్చితే = (దీని సంగతి చివర చూద్దాం); లైక్ = 2009లో ఫేస్‌బుక్ జనం చేతికిచ్చిన బొటనవేలు; కొట్టుండ్రి = మెల్లగా తాకుడని అర్థం, దండించుట అనే అర్థం ఇక్కడ పొసగదు; షేర్ చేయుండ్రి = చుట్టాల గ్రూపులో పడవేయుడు (వాట్సాప్ 2018 నుంచి మన దేశంలో ఒక్కసారికి ఐదు చాట్లకు మించి పంపనీయదు గనుక ఆరో చిన్నమ్మకు విడిగా పంపవలెను); సబ్‌స్క్రైబ్ = రూపాయి కట్టనక్కరలేని చందా; గంట = కొత్త వీడియో పడగానే ఫోను మోగేలా చేసేది. వేములవాడ రాజన్న గుడి గంట అని భ్రమపడరాదు.

తాత్పర్యం: ఓ చూపరులారా, మీరు వచ్చి చూసి పోతే సరిపోదు. వచ్చినట్టు గుర్తు వేసి పొండి. రేపు మళ్ళీ రండి.

విశేషాలు: ‘రేపు మళ్ళీ రండి’ అన్నచోటనే శాస్త్రమంతా ఉంది. కంపెనీలు రోజువారీ చూపరులను డీఏయూ అనీ, నెలవారీ చూపరులను ఎంఏయూ అనీ పిలుస్తాయి. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే వచ్చేది జిగట. నెలలో 100 మంది వచ్చి, రోజుకు సగటున 20 మంది కనబడితే జిగట 20 శాతం. ముస్తాబాదు చాయ్ హోటలు యజమానికి ఈ భాగహారం ఎవరూ నేర్పలేదు. రోజూ వచ్చేవాడెవడో, జాతరనాడు మాత్రమే వచ్చేవాడెవడో అతనికి తెలుసు. రోజూ వచ్చి, చాయ్ తాగకుండా పేపరు మాత్రం చదివిపోయేవాణ్ని లెక్కలోంచి తీసేయడమూ తెలుసు. 2019లో ట్విటర్ చేసింది ఇదే. నెలవారీ లెక్క చెప్పడం మానేసి, ప్రకటనలు చూపడానికి పనికొచ్చే రోజువారీ చూపరులనే లెక్కపెట్టింది.

ఇక్కడ పూర్వపక్షం: ఎన్నిసార్లు నొక్కారన్నది ముఖ్యమా, ఎంతసేపు చూశారన్నదా? బొమ్మ ఒకటి పెట్టి లోపల ఇంకొకటి చూపేవారు మితిమీరడంతో యూట్యూబ్ 2012లో నొక్కుళ్ళను వదిలి చూసిన సమయాన్ని పట్టుకుంది. 2018లో 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉంటేనే ప్రకటనల పైసలు అన్నది.

ఆ గంటలు ఎట్లా పోగవుతాయో సిరిసిల్ల మరమగ్గాల కార్ఖానాకు వెళ్ళి చూడండి. సాంచాల చప్పుడులో ఫోను పాటలు పాడుతూనే ఉంటుంది. కార్మికుడి కన్ను పోగు మీద, చెవి చప్పుడు మీద. పన్నెండు గంటల పనిలో ఆ ఒక్క ఫోనే ఒకే ఛానల్ మీద నడుస్తూ ఉంటే 334వ రోజుకు 4000 గంటలు దాటుతుంది, ఒక్క నిమిషమైనా ఎవరూ చూడకుండానే! మధ్యలో ‘ఇంకా చూస్తున్నారా’ అని తెర అడుగుతుంది. పోగు అతికే చేత్తోనే ఒకసారి తాకితే అతను మళ్ళీ క్రియాశీల చూపరి. ఇక మనుమనికి బువ్వ తినిపించడానికి ఫోను పెట్టిచ్చిన అమ్మమ్మ ఖాతా అయితే, లెక్క ప్రకారం ఆమె బొమ్మల కథలకు పరమభక్తురాలు.

దుబాయికి పనికి పోయిన చూపరి సంగతి వేరు. ముస్తాబాదులో రాత్రి పదిన్నరైతే అక్కడ తొమ్మిది. పని దిగి, వండుకొని తిని, క్యాంపు మంచం మీద పడుకొని మన యాస వినడానికే వీడియో పెడతాడు. అతనికి గంట కొట్టమని ఎవరూ చెప్పనక్కరలేదు.

యాసకున్న ఈ పట్టుకు ఉదాహరణ జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్‌కు మూలధనం ఊరి మనుషులు, ఊరి పనులు, ఊరి మాట. అందులో కనబడే గంగవ్వను నటన నేర్చుకురమ్మని ఎవరూ పంపలేదు. పొలం పని చేసిన మనిషి, ఎట్లా మాట్లాడుతుందో అట్లనే మాట్లాడింది. 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా పోయింది. చూపరులను పెంచడానికి పట్నాల్లో కట్టే శిక్షణ రుసుముల కంటే లంబాడిపల్లి బస్సు టిక్కెట్టు చవక అని ఈ వ్యాఖ్యాత మతం.

పాఠాంతరం: కొందరు యువకర్తలు ‘నచ్చితే’ను వదిలేసి నేరుగా ‘లైక్ కొట్టుండ్రి’ అని వీడియో మొదట్లోనే చదువుతున్నారు. ఇంకా ఏమీ చూపకముందే మెప్పు అడగడం గనుక ఈ పాఠం అగ్రాహ్యం.

నచ్చితే: సూత్రంలో షరతు ఇదొక్కటే, వ్యాఖ్యాతలు దాటేసి పోయేదీ ఇదే. నచ్చకపోతే ఏం చేయాలో మూలంలో లేదు. కిందికి చూపే బొటనవేలు తెర మీద ఇప్పటికీ ఉంది, నొక్కవచ్చు. కానీ ఎంతమంది నొక్కారో ఆ అంకెను 2021 నవంబరు నుంచి యూట్యూబ్ చూపరులకు కనబడకుండా దాచింది. వీడియో పెట్టినవాడికి మాత్రం కనబడుతుంది.