వేషం మార్చి మెయిల్ చదవడం ఎలా?

సర్వర్‌లోకి తన పేరుతో లాగిన్ అయి, వెంటనే ఇంకొకరిగా మారిపోయి, ఆ తర్వాత "నా మెయిల్ ఏదీ?" అని వెతుక్కునే వారి కోసం ఈ సలహాలు. అంటే యూనిక్స్ మీద పనిచేసే దాదాపు మనందరి కోసం.

యూనిక్స్ మొదటి ఎడిషన్ మాన్యువల్ 1971 నవంబరులో వచ్చింది. ఉత్తరాలు చూపించే మెయిల్ కమాండూ, వేషం మార్చే ఎస్‌యూ కమాండూ రెండూ అందులోనే ఉన్నాయి. అన్నేళ్ల పరిచయం ఉన్నా వాటి మధ్య ఇప్పటికీ సరిగ్గా మాటల్లేవు. ఆ ఎడమొహం పెడమొహాన్ని కాపాడుకోవడం మన బాధ్యత.

అందుకని మొట్టమొదట, ఎస్‌యూ పక్కన హైఫన్ పెట్టకండి. పెడితే అవతలి యూజర్ స్వయంగా వచ్చి లాగిన్ అయినట్టే లెక్క, అతని సెట్టింగులన్నీ వచ్చేస్తాయి. ఇంకేం మజా? హైఫన్ మానేస్తే మనిషి మారతాడు గానీ, మెయిల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చాలాచోట్ల పాత పేరునే పట్టుకుని వేలాడుతుంది. మీరేమో డేటాబేస్ యూజర్‌గా కూర్చుని ఉంటారు. బాష్ షెల్ మాత్రం అలవాటు ప్రకారం 60 సెకన్లకోసారి మీ పాత మెయిల్‌బాక్స్ వైపే తొంగిచూసి, "కొత్త మెయిల్ వచ్చింది" అంటుంది. ఆశగా మెయిల్ అని కొడతారు. "పర్మిషన్ డినైడ్." మీ ఉత్తరం మీకే నిషిద్ధం! ఇలాంటి అనుభవం హైఫన్ పెట్టేవాళ్లకు దక్కదు.

నాలుగు టెర్మినళ్లు తెరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో అవతారంలో ఉండండి. 'హూ యామ్ ఐ' అనే కమాండు వేదాంతులకు, మనకు కాదు.

రూట్‌గా ఉన్నప్పుడు సహోద్యోగి మెయిల్‌బాక్స్ తెరవాల్సి వస్తే, బయటికి రావడానికి ఎక్స్ కాకుండా క్యూ కొట్టండి. ఎక్స్ అయితే ఉన్నది ఉన్నట్టు వదిలేసి వస్తుంది. క్యూ మార్పులన్నీ భద్రంగా సేవ్ చేస్తుంది. ఆయన ఇంకా చూడనే లేని ఉత్తరం 'చదివేశారు' అన్న గుర్తుతో ఆయన కోసం ఎదురుచూస్తుంటుంది.

ఇక అసలు సలహా, నాకు ప్రాణప్రదమైనది: రూట్‌కు వచ్చే మెయిల్ ఎవరూ చదవకండి. సర్వర్ మొత్తంలో నిజంగా అవసరమైన ఉత్తరాలు వచ్చేది ఆ పేరుకే. అర్ధరాత్రి బ్యాకప్ విఫలమైతే క్రాన్ రాసే ఉత్తరం అక్కడికే. డిస్క్ మూలుగుతోందన్న హెచ్చరికా అక్కడికే. సుడో వాడే హక్కు లేనివాడు సుడో కొడితే "ఈ సంఘటన రిపోర్ట్ చేయబడుతుంది" అని చాలాకాలం బెదిరించేది కదా, ఆ ఫిర్యాదు చేరేదీ రూట్ గారికే. కొత్తగా చేరిన కుర్రాడు ఆ వాక్యం చూసి చెమటలు పట్టి మేనేజర్ గది వైపు దొంగచూపులు చూస్తాడు. పాపం, ఆ ఉత్తరాన్ని తెరిచే నాథుడు లేడని అతనికెవరు చెప్పాలి?

ఎప్పుడైనా ధైర్యం చేసి ఆ పెట్టె తెరిచి చూడండి. తెర నిండా వరసగా ఎన్ అక్షరం, ప్రతి వరసలోనూ క్రాన్ పేరు, అదే సబ్జెక్టు, తేదీ ఒక్కటే తేడా. ఆ గుంపులో ఎక్కడో "డిస్క్‌లో చోటు లేదు" అన్న ముక్క ఉంటుంది. దాన్ని వెతికే ఓపిక లేక మనం కనిపెట్టిన వైద్యం, క్రాన్ వరస చివర అవుట్‌పుట్‌ను డెవ్ నల్‌కు తోసేయడం. జబ్బు సంగతి దేవుడెరుగు, మూలుగు వినపడదు.

ఇందులో బద్ధకం ఒక్కటే లేదు. రూట్‌గా ఎవరైనా మారగలరు గనక ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. మన అపార్ట్‌మెంట్ సంఘం మెయిల్ ఐడీ చూడండి. పాస్‌వర్డ్ కమిటీ మొత్తానికీ తెలుసు, లిఫ్ట్ కంపెనీ పంపిన నోటీసు మాత్రం ఎవరూ చదవలేదు. అధికారం కావాలంటే క్షణంలో రూట్ అయిపోతాం. ఆ పేరుకు వచ్చిన ఉత్తరం చదవమంటే మళ్లీ మామూలు మనుషులమైపోతాం. దీన్ని ఎగతాళి చేద్దామనే కూర్చున్నాను గానీ, రాస్తూ ఉంటే అంత నవ్వు రావడం లేదు.

సరే, మిగిలిన ఒక చిట్కా. ఈటీసీలోని అలియాసెస్ ఫైల్లో రూట్ మెయిల్ ఎవరికి వెళ్లాలో రాయవచ్చు. అక్కడ ఎప్పుడో ఉద్యోగం మానేసిన వారి పేరే ఉంచండి. మార్చక తప్పకపోతే మార్చండి గానీ, న్యూఅలియాసెస్ కమాండు మాత్రం కొట్టకండి. సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్ రెండూ ఆ ఫైలు నుంచి తయారుచేసుకున్న పాత డేటాబేస్‌నే చూస్తూ కూర్చుంటాయి. ఫైల్లో కొత్త పేరు, ఉత్తరాలు పాత పేరుకు. అందరికీ తృప్తి.

ఇంత క్రమశిక్షణ మా వల్ల కాదంటారా? అయితే ఈరోజే ఆ ఫైల్లో రూట్ ఎదురుగా ఇంకా ఉద్యోగంలో ఉన్న ఒక మనిషి పేరు రాసి, న్యూఅలియాసెస్ కొట్టండి. ఆ పేరు మీదే అయితే, రాజీనామా ఇచ్చిన రోజున ఐడీ కార్డుతో పాటు దాన్ని కూడా ఎవరికైనా అప్పగించి వెళ్లండి.