గా ఒక్కటే ఉన్నది

సప్లీ వీరుడు అంటే బీటెక్‌లో చేరి, నాలుగేళ్లలో కావలసినన్ని క్రెడిట్లు కూడగట్టుకోలేక, మిగిలినవాటి కోసం ఐదో ఏడూ ఆరో ఏడూ పరీక్ష ఫీజు కడుతూ తిరిగే యువకుడు. తెలంగాణలో ఈ రకం లేని మండలం లేదు. సిద్దిపేట జిల్లా దుబ్బాకలో కనిపించేవాడికి కొన్ని సొంత లక్షణాలు ఉన్నాయి కనుక ఇక్కడ అతన్నే పరిశీలించడం సబబు. ఆడపిల్లల్లోనూ సప్లీలు ఉన్నవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లు సాధారణంగా రెండో ప్రయత్నానికే గట్టెక్కి ఇలాంటి వ్యాసాలకు పనికిరాకుండా పోతారు.

వీరుణ్ని పోల్చుకోవడానికి ఒక్క మాట చాలు. ఇంజినీరింగ్ ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా, ఏ సంవత్సరం అడిగినా, "గా ఒక్కటే ఉన్నది" అంటాడు.

ఇతను పుట్టుకతో తప్పినవాడు కాడు. దుబ్బాక చేనేత ఊరు, బీడీల ఊరు. బాపు మగ్గం మీద, అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు ముందు కూర్చుంటే ఆ ఇంట్లో పుస్తకం ముందు కూర్చున్నవాడు ఇతనొక్కడే. పదో తరగతిలో బడికే మొదటివాడు. సిద్దిపేటలో ఎంపీసీ చేరి, 75 మార్కుల లెక్కల పేపర్లో 73 తెచ్చుకున్నవాడు. 1986లో ఎంసెట్‌గా మొదలై తెలంగాణలో 2024 నుంచి ఎప్‌సెట్‌గా నడుస్తున్న ప్రవేశపరీక్షలో ర్యాంకు కూడా వచ్చింది, ఐదంకెల్లో. పది వేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి ప్రభుత్వం ఫీజంతా ఇస్తుంది, దాటితే ఏటా 35 వేల దాకా. కాలేజీలకా కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010 తర్వాత వాటి సంఖ్య 700 దాటింది. మేడ్చల్ వైపో, దుండిగల్ వైపో, మైసమ్మగూడలోనో సీటు ఖాయం. దుబ్బాకలో బస్సెక్కేనాటికి చుట్టాలు అతన్ని "ఇంజినీర్ సాబ్" అనడం మొదలుపెట్టేశారు. అసలు నష్టం అక్కడ జరిగింది.

మొదటి దెబ్బ సాధారణంగా ఎం-వన్, అంటే మొదటి సెమిస్టర్ లెక్కలు. ఇంటర్‌లో 75కు 73 తెచ్చుకున్న చేతికి బీటెక్‌లో అదే 75కు 17 వస్తుంది. తెలివి తగ్గిందా అంటే లేదు. ఇంటర్‌లో రోజుకు పది గంటలు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చదివించారు. హాస్టల్లో కుర్చీ ఉంది, కూర్చోబెట్టేవాడు లేడు. దానికి తోడు పాఠమంతా ఇంగ్లీషు. తెలుగు మీడియం బడి నుంచి వచ్చినవాడికి మాత్రిక తెలుసు, మ్యాట్రిక్స్ అంటే సినిమా అనుకుంటాడు. ఈ సంగతి తేరుకుని గ్రహించేలోగా మొదటి మిడ్ పరీక్ష అయిపోతుంది.

ఇక్కడ మార్కుల లెక్క చెప్పుకోవాలి, ఎందుకంటే వీరుడి జీవితమంతా దాని మీదే తిరుగుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి నిబంధనల్లో, అంటే ఆర్-18లో, ఒక్కో సబ్జెక్టుకు 25 ఇంటర్నల్, 75 ఎక్స్‌టర్నల్. పాసు కావాలంటే ఎక్స్‌టర్నల్‌లో కనీసం 26 రావాలి, రెండూ కలిపి 40 కావాలి. ఇంటర్నల్ 14 ఉన్నవాడు 26తో బయటపడతాడు. ఇంటర్నల్ 9 ఉన్నవాడికి 31 కావాలి. సప్లీ ఎన్నిసార్లు రాసినా ఇంటర్నల్ మారదు కనుక, మొదటి సెమిస్టర్‌లో మధ్యాహ్నం ఆటకు వెళ్లి పోగొట్టుకున్న ఐదు మార్కులు నాలుగో ఏట కూడా వెంటాడతాయి. ఆర్-22 నుంచి ఇది 40, 60 అయింది. అరవైలో 21 రావాలి. నిబంధన మారినప్పుడల్లా వీరుడు తన కాలంలోనే ఇది ఉంటేనా అని నిట్టూరుస్తాడు. ఉంటే ఏమయ్యేదో లెక్క వేసి మాత్రం చూడడు.

సబ్జెక్టులు పోయాక మనిషిలో వచ్చే మొదటి మార్పు అంకెల్లో కనిపిస్తుంది. వీరుడి దగ్గర మూడు సంఖ్యలుంటాయి. ఇంట్లో చెప్పేది ఒకటి. రూమ్మేట్లకు చెప్పేది నాలుగు. ఫలితాల్లో కనిపించేది ఏడు. ఏ సంఖ్య ఎవరికి చెప్పాడో గుర్తుపెట్టుకోవడానికి పడే కష్టంలో సగం పడితే రెండు సబ్జెక్టులు తేలేవి. ఈ మూడూ ఒకచోట ఢీకొనేది దావత్‌లలో.

"ఏం బిడ్డా, ఇంజినీరింగ్ అయిపాయెనా?"

"అయిపాయె పెద్దబాపు. గా ఒక్కటే ఉన్నది."

"పోయినేడు గూడ ఒక్కటే అంటివి గదరా?"

"గది వేరే ఒక్కటి."

పెద్దబాపు అంతటితో వదలడు. దుబ్బాకలో చదివినవాడికి ఒక బరువు అదనం: కె. చంద్రశేఖరరావు చదువుకున్నది ఈ ఊరి హైస్కూల్లోనే. "గా బడిలనే చదివి ముఖ్యమంత్రి అయిండు, నీకు గా పరీక్ష అయితలేదా?" అన్న ప్రశ్న దావత్‌లో కనీసం ఒక్కసారి పడుతుంది. ఆయన ఎం.ఏ. చేసింది తెలుగు సాహిత్యంలో, అందులో ఎం-వన్ లేదు. ఈ జవాబు వీరుడికి ఎప్పుడూ ఇంటికి తిరిగివచ్చాకే తడుతుంది.

ఇతనికి బాగా వచ్చిన సబ్జెక్టు ఒకటుంది: నిబంధనావళి. హాజరు 75 శాతం ఉండాలని, 65 దాకా తగ్గితే తగిన కారణం చూపి కండోనేషన్ ఫీజు కట్టవచ్చని, అంతకన్నా తగ్గితే డిటెయిన్ అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రెండో ఏటికి వెళ్లడానికి మొదటి ఏడాది క్రెడిట్లలో సగం చాలన్నది అతనికి తెలుసు. మొత్తం 160 క్రెడిట్లు, గరిష్ఠ గడువు ఎనిమిదేళ్లు. ఈ చివరి అంకె తెలిసిన రోజు అతను హాయిగా నిద్రపోయాడు. నాలుగేళ్ల కోర్సుకు ఎనిమిదేళ్లు ఇచ్చారంటే ఎవరో పెద్దలు తనలాంటివాణ్ని దృష్టిలో పెట్టుకునే ఇచ్చారని అతని నమ్మకం. ఎగ్జామ్ బ్రాంచిలో గుమాస్తాకు సందేహం వస్తే జూనియర్లు వీరుణ్నే పిలుచుకొస్తారు. ఈ నిబంధనల్ని ఇంత శ్రద్ధగా చదివినవాడు ఆ శ్రద్ధ ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీ మీద ఎందుకు పెట్టలేదన్నది న్యాయమైన ప్రశ్నే. నిబంధనల మీద పరీక్ష లేదు, అదే కారణం.

ఓదార్పు కోసం వీరుడు మహనీయుల్ని ఆశ్రయిస్తాడు. వాళ్లలో మొదటివాడు శ్రీనివాస రామానుజన్. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోయింది, మద్రాసు వెళ్లినా ఎఫ్.ఏ. గట్టెక్కనే లేదు, నిజమే. అయితే రామానుజన్ లెక్కలు మాత్రమే చదివి మిగతావన్నీ తప్పాడు. వీరుడు లెక్కలే తప్పాడు. రెండోవాడు సత్య నాదెళ్ల. ఐఐటీ ప్రవేశపరీక్ష తప్పినట్టు ఆయనే రాసుకున్నాడు. కానీ ఆ తర్వాత మణిపాల్‌లో చేరి డిగ్రీ పూర్తి చేసుకుని బయటపడ్డాడు. కథలోని ఈ రెండో సగం హాస్టల్ గోడల మీద అంటించే పోస్టర్లలో ఉండదు.

గట్టెక్కడం ఎలా మొదలవుతుందో గమనించదగింది. దుబ్బాక రకంలో అది చాలాసార్లు అవ్వ దగ్గర మొదలవుతుంది. రీవాల్యుయేషన్‌కు డబ్బు కావాలి. బాపును అడిగే ధైర్యం లేదు. బీడీ కార్మికురాలి పింఛను 2,016 రూపాయలు అవ్వ చేతికి వస్తాయి. అడగాలంటే సంగతి చెప్పాలి. చెబితే అర్థం కాదేమోనన్న ఆశ కూడా లోపల ఉంటుంది. అర్థం చేసుకోవడంలో మాత్రం ఆ ఇంట్లో ఆమెను మించినవాళ్లు లేరు. వెయ్యి బీడీలకింత అని కూలి తీసుకునే మనిషికి, చూసేవాడు కట్టలోంచి కొన్ని ఏరి పక్కన పడేయడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎన్ని పక్కకు తీశిండ్రు కొడుకా?"

ఈ ప్రశ్న ముందు మూడు సంఖ్యలూ నిలవవు. "ఏడు."

"ఏది ఎందుకు తీశిండ్రో అడిగినవా?"

అడగలేదు. నాలుగేళ్లలో ఎవరినీ అడగలేదు, తనను తానూ అడుక్కోలేదు. 'పోయినయ్' అని అన్నింటినీ కలిపి ఒక గంపలో వేసుకుని తిరుగుతున్నాడు. ఆ రాత్రి కాగితం తీసి ఏడింటి పక్కన ఏడు కారణాలు రాస్తే తేలేది ఇలా ఉంటుంది. రెండు సబ్జెక్టుల్లో రెండో యూనిట్ తర్వాత పుస్తకమే తెరవలేదు. ఇంజినీరింగ్ డ్రాయింగు పోయింది మినీ డ్రాఫ్టర్ స్నేహితుడికి ఇచ్చి తెచ్చుకోవడం మరిచినందుకు. ఒకదాని పరీక్ష నాటి ముందు రాత్రి మేనమామ కొడుకు బరాత్‌లో తెల్లారింది. ఇంకొకదానిలో ఎక్స్‌టర్నల్ 29 వచ్చినా ఇంటర్నల్ 9 కనుక మొత్తం 38 దగ్గర ఆగింది. నిజంగా బుర్రకెక్కక పోయినవి రెండే: ఎం-వన్, ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీ. ఏడు పర్వతాలనుకున్నవాటిలో ఐదు గుట్టలు కూడా కావు. ఈ సంగతి తెలిసి వీరుడికి సంతోషం కలగాలి గానీ ముందు కలిగేది సిగ్గు. ఆ సిగ్గు ఉపయోగకరమైనది, రెండు రోజులుంటే చాలు.

రీవాల్యుయేషన్ గురించి ఒక ముక్క. దుబ్బాకకు స్వల్ప తేడాల సంగతి కొత్త కాదు. 2020 నవంబరు ఉప ఎన్నికలో గెలుపోటముల మధ్య ఉన్నది 1,079 ఓట్లే. అందుచేత 25 దగ్గర ఆగినవాడు రీవాల్‌కు వేస్తే ఊరు సమర్థిస్తుంది. 11 వచ్చినవాడు వేస్తే అది పరీక్షా విభాగానికి ఇచ్చే విరాళం.

తర్వాత సాగేది వీరత్వం లేని పని. ఆర్-18 ప్రశ్నపత్రంలో పార్ట్-ఏకు 25 మార్కులు, అన్నీ రాయాల్సిందే. పార్ట్-బిలో ఐదు యూనిట్ల నుంచి ఐదు ప్రశ్నలు, ఒక్కోటి పది మార్కులు, ప్రతిదానికీ ఇది లేదా అది అనే వీలు. మూడు యూనిట్లు శుభ్రంగా వస్తే పార్ట్-ఏతో కలిపి 45 మార్కుల మేర రాయవచ్చు. అందులో మూడోవంతు పోయినా 30 మిగులుతాయి. ఐదు యూనిట్లూ సగం సగం చదివినవాడి కన్నా మూడు పూర్తిగా చదివినవాడు ముందు బయటపడడానికి కారణమిదే. పండితులకు ఇది నచ్చదు. ఆ పండితులకు సప్లీలు లేవు.

హాస్టల్ ఖాళీ చేసి వచ్చిన వీరుడు గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివేవాళ్ల మధ్య చోటు వెతుక్కుంటాడు. వాళ్లు లేచేదాకా లేవడానికి మొహమాటం. కూర్చోబెట్టేవాడు లేని లోటు అలా తీరుతుంది. మొదట పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుంటాడు. ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం మళ్లీ మళ్లీ పలకరించడం చూసి, ఇన్నాళ్లూ గుమ్మం ముందే నిలబడ్డ చుట్టాన్ని గుర్తుపట్టనట్టు బాధపడతాడు. వీడియోలు రెండింతల వేగంతో చూసి అర్థమైందనుకునే అలవాటు మానడానికి ఇంకో నెల పడుతుంది. చూసిన లెక్క వేరు, చేత్తో చేసిన లెక్క వేరు అని బోధపడేది కాగితం మీద మూడో అడుగులో ఆగిపోయినప్పుడే. అప్పుడు అడగాల్సింది ఎవరినంటే, డిప్లొమా చేసి ఈసెట్‌తో నేరుగా రెండో ఏడులో చేరిన జూనియర్‌ని. "గిది గింతే అన్నా" అని ఆమె రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. ఇంజినీర్ సాబ్ అహంకారానికి అది చివరి గండం. అది దాటినవాడికి విద్యుదయస్కాంత తరంగాలు కూడా దారిస్తాయి.

పరీక్ష హాల్లో ఇంకో గండముంది. హాల్‌టికెట్ నంబరులో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరాన్ని చెబుతాయి. చుట్టూ 22తో మొదలయ్యేవాళ్ల మధ్య 18తో మొదలయ్యేవాడు సంతకం పెట్టేటప్పుడు నంబరు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఒక్కోసారి ఇన్విజిలేటర్‌గా వచ్చేది తనతో చదివి, ఎంటెక్ చేసి లెక్చరర్ అయిన మిత్రుడు. అదనపు కాగితం కావాలంటే వాణ్ని "సార్" అని పిలవాలి. వీరుడు పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపుతో సగం విద్య వచ్చినట్టే.

ఫలితాలు వచ్చే రోజు వెబ్‌సైటు తెరుచుకోదు. తెరుచుకునేసరికి ఏ వాట్సాప్ గ్రూపులోనో స్క్రీన్‌షాట్ వచ్చేసి ఉంటుంది. సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగే కొమురవెల్లి జాతర నడుస్తుండగానే ఇది జరిగితే అవ్వ ఆ ఆదివారమే మల్లన్నకు పట్నం మొక్కు తీరుస్తుంది. బాపు మాత్రం ఆ రోజు కూడా మగ్గం దిగడు. ఎన్ని ఉన్నాయో, ఎన్ని పోయాయో ఆయనకు మొదటినుంచీ తెలుసని అప్పుడు బయటపడుతుంది.

గట్టెక్కినవాళ్లలో కొందరు అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సులు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి, కొందరు గ్రూప్-4 వైపు, కొందరు ఊళ్లోనే ఎం-వన్ ట్యూషన్‌లోకి వెళతారు. వీళ్లలో ట్యూషన్ చెప్పేవాడు మేలు. ఒక లెక్క ఎన్ని చోట్ల తప్పవచ్చో అతనికి తెలిసినంతగా మొదటిసారే పాసైనవాడికి తెలియదు. కన్సాలిడేటెడ్ మెమోలో ప్రతి సబ్జెక్టు పక్కన పాసైన నెల, సంవత్సరం ఉంటాయి కనుక ఇంటర్వ్యూల్లో దాచడానికి వీలు లేదు. సంబంధాలకు ఇచ్చే బయోడేటాలో మాత్రం 'బీటెక్, ఈసీఈ' అని ఊరుకుంటారు. ఏ నెల, ఏ సంవత్సరం అని అడిగే హక్కు పిల్ల తరఫువాళ్లకు ఉంది. వాళ్లింట్లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు కనుక సాధారణంగా అడగరు.